‘ఇది’కీ ‘ఇదీ’కీ మధ్య

మా ఇంటి కంప్యూటర్ కీబోర్డు మీద ఇంగ్లీషు ‘ఐ’ బటన్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. అది తెలిసి ఉంటే, మా నానమ్మ చెప్పిన ఒక చిన్న వాక్యానికి అర్థం కూడా తెలిసి ఉండేది. పోయి అడుగుదామంటే ఆవిడ ఇప్పుడు లేదు.

నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగాను. చదువు హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగింది. తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నదే. అక్షరాలు కాలేజీలో చేరాక నాకు నేనుగా దిద్దుకున్నాను. అందుకే ఈనాటికీ తెలుగును ఇంగ్లీషు అక్షరాల మీదుగానే టైపు చేస్తాను. ‘ఐ’ ఒకసారి నొక్కితే తెర మీద ఇ పడుతుంది, రెండుసార్లు నొక్కితే ఈ పడుతుంది. ఇంగ్లీషు రాసుకునేవాళ్ళకి ఈ జబ్బు వల్ల పెద్ద నష్టం లేదు. అనవసరమైన అక్షరం పడిన చోట మాట కింద ఎర్రగీత వచ్చి దొంగను పట్టిస్తుంది. తెలుగులో అలా కాదు. మూడుసార్లు పడితే తప్పు బయటపడుతుంది. రెండుసార్లు పడితే మాత్రం అది దీర్ఘమై, నిక్షేపంలాంటి తెలుగై, ఏమీ ఎరగనట్టు వరసలో కూర్చుంటుంది.

నానమ్మ మాటలు టైపు చేయడం నేను డిగ్రీ రెండో సంవత్సరంలో మొదలుపెట్టాను. రికార్డు చేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేసి చూశాను. ఫోను ఎదురుగా పెడితే ఆవిడ వెన్ను నిటారుగా చేసుకుని, పైట సర్దుకుని, ఏదో విచారణలో వాంగ్మూలం ఇస్తున్నట్టు సగం హిందీలో మాట్లాడేది. “మేము చాలా బాగున్నాము. ఇక్కడ సబ్ ఠీక్” అని చెప్పి నోరు మూసుకునేది. అదే నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పని చేసుకుంటున్నట్టు కనిపిస్తే, పక్క కుర్చీలో చేరి, జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అడగకపోయినా చెప్పుకుంటూ పోయేది. 

“ఏటి గుంటా, అలగ టకటకలాడిస్తన్నావు? నా మాటలే రాసీస్తన్నావేటి?”

“అవును నానమ్మా.”

“రాసీసుకో. నన్ను తిట్టినవేవీ రాయకు. నాను తిట్టినవి రాసుకో.”

తెర మీద అక్షరాలు ఆవిడకు ఆనేవి కావు. చీమలు పాకుతున్నట్టున్నాయనేది. కాబట్టి నేను రాసినదాన్ని సరిచూసే కళ్ళు ఇంట్లో మరెవరివీ లేవు.

ఆవిడ ఉత్తరాంధ్ర సముద్రం పక్కనున్న ఒక పల్లె నుంచి, తాతకు రైల్వేలో ఖలాసీ ఉద్యోగం వచ్చాక, కొత్త పెళ్ళికూతురుగా ఈ కాలనీకి వచ్చింది. నాన్న ఇక్కడి రైల్వే ఆసుపత్రిలోనే పుట్టాడు. నానమ్మ మాటల్లో ఆ పల్లెకు పేరుండేది కాదు. దాన్ని ‘అక్కడ’ అనేది. బిలాస్‌పూర్‌కీ పేరుండేది కాదు. దీన్ని ‘ఇక్కడ’ అనేది. అక్కడ ఉప్పు చేప ఎండేది, ఇక్కడ బట్టలు కూడా సరిగ్గా ఎండవు. అక్కడ గాలి ఉంది, ఇక్కడ కూలర్ ఉంది. ఇలా ఆవిడ లోకమంతా రెండు మాటల్లో ఇమిడిపోయేది. ‘మన ఊరు’ అన్న మాట రెండింటిలో దేనికీ వాడగా నేను వినలేదు.

నాకు ఆ మాట కావలసి ఉండేది. కాలేజీ డిబేట్ పోటీలకు వెళ్ళిన ప్రతి చోటా, నా పేరు వినగానే ఎవరో ఒకరు “మూల్ రూప్ సే కహాఁ సే హో?” అని అడిగేవారు. అసలు మీదెక్కడ అని. బిలాస్‌పూర్ అంటే ఒప్పుకునేవారు కాదు, అది కాదు, అసలు అనేవారు. నేను చూడని పల్లె పేరు చెబితే తృప్తిపడేవారు. వేదిక మీద ఏ తీర్మానానికైనా అటూ ఇటూ రెండు పక్షాలా వాదించగలిగిన నేను, ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ప్రతిసారీ అవతలివాళ్ళకు ఏది నచ్చుతుందో అది చెప్పి దిగిపోయేదాన్ని. 

నానమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది. నేను టైపు చేశాను. ఆ తర్వాతి చలికాలంలో ఆవిడ పోయింది. ఆ ఫైలు మళ్ళీ తెరవడానికి నాకు చాలాకాలం మనసొప్పలేదు.

తెరవవలసి వచ్చింది నాన్న వల్ల. లోకో షెడ్డులో ఆయన ఉద్యోగం ముగింపుకొచ్చింది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. ఇక్కడే, ఊరి చివర ఉస్లాపూర్‌లో ఒక చిన్న ఇల్లు చూసి వచ్చాం, అమ్మకు నచ్చింది. కానీ ‘అక్కడ’ నుంచి తాత తమ్ముడి కొడుకు, మా బాబాయి, తరచూ ఫోను చేస్తున్నాడు. అన్నయ్యా, మనవాళ్ళ మధ్యకు వచ్చేయండి, ఎన్నాళ్ళుంటారు పరాయి చోట అంటున్నాడు. నాన్న ఇద్దరికీ అచ్ఛా, అచ్ఛా అంటూ వస్తున్నాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“మన ఊరేదని నానమ్మని అడిగేవు కదా ఓసారి?”

“అడిగాను.”

“ఏటంది?”

“ఫైల్లో ఉంది.”

“ఫైల్లో ఉంటాది లే. ఏటంది?”

ఫైలు తెరిచి, వెతికి, చదివాను. “ఇదీ మనూరే.”

నాన్న తెర మీదికి వంగాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “‘ఇది’ అందా, ‘ఇదీ’ అందా?”

ప్రశ్న నాకు వెంటనే అర్థమైంది. ఇది మనూరే అంటే ఆవిడకు ఒకటే ఊరు, ఈ ఊరు. ఇదీ మనూరే అంటే ఇంకొకటి కూడా ఉంది, దాని తర్వాత ఇది. ఒక దీర్ఘం ఉంటే ఆవిడ ఇక్కడ బతికినన్నాళ్ళూ మనసులో మరో ఊరిని మోసిందన్నమాట. లేకపోతే ఎప్పుడో దించేసి హాయిగా ఉందన్నమాట. నాన్నకు కావలసింది ఇంటి స్థలం గురించి సలహా కాదు. తనను కని పెంచిన మనిషి తన కళ్ళెదుటే అన్నేళ్ళూ బెంగతో ఉందో లేదో తెలియాలి.

“‘ఇదీ’ అనే ఉంది” అన్నాను.

“పైన అదేటి?” అని నాన్న వేలు పెట్టి చూపించాడు. ఆయన తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. “‘ఈది తిను గుంటా.’ ఈది తినమందేటి మీ నానమ్మ నిన్ను?”

మా ఇంటి భాషలో ఈది అంటే వీధి. నానమ్మ నా చేతిలో జంతిక పెట్టి ‘ఇది తిను’ అంది. నేను ‘ఐ’ ఒకసారే నొక్కాను. బటన్ రెండుసార్లు పడింది. వీధి తినమన్నట్టయింది. నాన్న నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ నవ్వు సగంలోనే ఇద్దరికీ ఒకే సంగతి తట్టింది. ఆ వేళకే బటన్ పాడై ఉంటే, కిందనున్న ‘ఇదీ’ని నమ్మడం ఎలా?

ఆ పేజీ అంతా ఒక సాక్షిని నిలదీసినట్టు చదివాను. ఒక చోట ‘గిన్నె’ సరిగ్గా ఉంది, ఆ పక్కనే ‘నిప్పు’ కాస్తా ‘నీప్పు’ అయింది. ఒక చోట ‘మరి’ ఉంది, ఇంకో చోట ‘మరీ’ ఉంది, రెండూ అర్థవంతంగానే ఉన్నాయి. తప్పు ఎప్పుడూ పడేదైతే దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు పడే తప్పును ఏమీ చేయలేం.

ముందు సులువైన మార్గం ప్రయత్నించాను. ఒకే బటన్ వెంటవెంటనే రెండుసార్లు పడితే రెండోదాన్ని లెక్కచేయకుండా ఉండే ఏర్పాటు కంప్యూటర్ సెట్టింగుల్లో ఉంది. దాన్ని పెట్టి, పరీక్షగా నాలుగు మాటలు కొట్టాను. అమ్మ ‘అమ’ అయింది. నాన్న ‘నన’ అయ్యాడు. నా భాషలో దీర్ఘాలూ ఒత్తులూ అన్నీ ఒకే అక్షరాన్ని రెండుసార్లు నొక్కితే వచ్చేవే. ఆ యంత్రం దృష్టిలో అవన్నీ చేతి వణుకులు. 

“మీ అమ్మని అమ చేసీసినావా?” అన్నాడు నాన్న.

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. “ఏటి నా మీద పడ్డారు? బజారుకెళ్ళి కొత్తది తెచ్చీసుకోండి ఇద్దరూ. దాని ముందు కూకుని పూజలు సేస్తన్నారు ఇందాకటినుంచీ.”

“కొత్తది తెస్తే ఇది ఎందుకు పాడైందో తెలీదు కదా” అని నాన్న గొంతు పెంచి జవాబిచ్చి, నా వైపు తిరిగాడు. “ఫాల్ట్ ఎక్కడుందో చూస్తే ఎప్పట్నుంచి ఉందో తెలుస్తాది. షెడ్డులో అలగే సేస్తాం. తియ్, విప్పుదాం.”

కీబోర్డు తీగ ఊడదీసి, మంచం మీద పాత తువ్వాలు పరిచాం. నాన్న చెంచా కాడను ‘ఐ’ బటన్ అంచు కిందికి దూర్చి, మెల్లగా పైకి లేపాడు. టప్పుమని ఊడి వచ్చింది. కింద చిన్న రబ్బరు బుడిపె, చుట్టూ నూగులాంటి దుమ్ము, రెండు తల వెంట్రుకలు, బుడిపెకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఎర్రటి పలుకు ఒకటి కనిపించాయి. నాన్న దాన్ని అగ్గిపుల్లతో తీసి అరచేతిలో వేసుకున్నాడు. నూనె పీల్చుకుని గట్టిపడిన పిండి. మధ్యలో నల్లటి వాము గింజ.

జంతిక.

నానమ్మ పోయాక మా ఇంట్లో జంతికలు వండలేదు. జంతికల గొట్టం అటక మీదే ఉంది. కాబట్టి ఈ పలుకు ఆవిడ నాటిదే. ఆవిడ మాటలు టైపు చేస్తున్న చేతికి ఆవిడే అందించినది. దీనివల్ల బటన్ కిందికి వెళ్ళి వెంటనే పైకి రాలేక, రెండోసారి పడేది. అంటే తప్పు ఆవిడ ఉండగానే మొదలైంది. కానీ ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజునుంచి చివరి రోజుదాకా ఆ డబ్బా ఒళ్ళోనే ఉంది. ఆ వాక్యానికి ముందు పడిందా, తర్వాత పడిందా అన్నది పలుకు చెప్పలేదు. 

నాన్న దాన్ని పారేయలేదు. వాసన చూశాడు. ఏ వాసనా మిగిలి ఉండదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అయినా నా వైపు చేయి చాచాడు, నేనూ చూశాను. 

తర్వాత ఆయన స్పిరిట్‌లో దూది తడిపి బుడిపె చుట్టూ తుడిచాడు. పాత టూత్‌బ్రష్‌తో మూలలు గీకాడు. ఇంజను పార్టు ముందైనా ఆయన చేయి అలాగే కదులుతుందేమో. ఆరేదాకా ఆగుదామన్నాడు. ఆ ఆగిన వేళలోనే నేను ఆ రోజును మళ్ళీ తలచుకోవడానికి కూర్చున్నాను.

ఎండాకాలం సాయంత్రం. కిటికీ తెరిచి ఉంది. కాలనీ వెనక లైను మీద గూడ్సు బండి వస్తోంది. మా కాలనీలో ఒక అలవాటుంది. బండి పోతున్నప్పుడు ఎవరూ గొంతు పెంచరు. నోట్లో ఉన్న మాటను ఉన్నచోటే పట్టుకుంటారు, బండి పోయాక ఆ చోటునుంచే అందుకుంటారు. మధ్యలో ఎవరూ జొరబడరు. మాట ఎవరిదో వాళ్ళకే దక్కుతుంది. పట్టాల పక్కనున్న ఒక కాలేజీలో డిబేట్‌కు వెళ్ళినప్పుడు నేను ఇలాగే వాక్యం మధ్యలో ఆగిపోయాను. నాకు మాట తట్టలేదనుకుని న్యాయనిర్ణేతలు జాలిగా చూశారు. ఎదుటి పక్షంవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం బండి పోయేదాకా హాయిగా నిలబడ్డాను.

ఆ సాయంత్రం “నానమ్మా, మన ఊరేది?” అని అడిగాను. ఆవిడ జంతిక విరుస్తూ కిటికీలోంచి చూసింది. నోరు తెరిచింది. ఆ మొదటి మాట సగంలో ఉండగా బండి వచ్చింది. ఆవిడ ఆ మాటను విడిచిపెట్టలేదు. గాలిలోకి చేయి ఎత్తి, దాన్ని అలాగే పట్టుకుంది. బండి చాలా పొడవుగా ఉంది. అది పోయాక, చేయి దించి, “మనూరే” అంది. 

నాకు ఇంతవరకూ గుర్తుంది. ఎత్తిన చేయి, మణికట్టు మీదికి జారిన గాజులు, వేళ్ళకంటిన పిండి. గొంతు గుర్తుంది. ఆ ఒక్క అచ్చు పొడవెంతో గుర్తులేదు. దీర్ఘం ఆవిడదా, బండిదా, బటన్‌దా?

ఇదంతా నాన్నకు చెప్పాను. చెప్పి, నా పద్ధతిలో తీర్పు కూడా ఇచ్చాను. “ఎలా చదివినా నీ ప్రశ్నకు జవాబు ఒక్కటే నాన్నా. ‘ఇది మనూరే’ అయినా, ‘ఇదీ మనూరే’ అయినా, ఇది మనదే. ఆ చివరి ‘ఏ’ని కొట్టిన బటన్ వేరు. దానికేమీ జబ్బు లేదు. కాబట్టి ఉస్లాపూర్‌లో ఇల్లు తీసుకోవడానికి అడ్డేమీ లేదు.”

పోటీలో అయితే ఆ వాదనకు తిరుగులేదు.

నాన్న బటన్‌ను వెలుగులో తిప్పి చూస్తూ అన్నాడు. “ఇల్లు తీసుకుందాం లే. పక్కనే స్టేషను. బండి సప్పుడు లేకపోతే నాకు మాట్లాడ్డం రాదు. దాని గురించి కాదు.” బటన్‌ను తువ్వాలు మీద పెట్టాడు. “‘ఇదీ’ అందనుకో. అంటే ఇంకోటి ఉంది కదా. అదెలగుంటాదో నాకెప్పుడూ సెప్పలేదు. నేనడగలేదు. డ్యూటీ, షెడ్డు, అంతే. నువ్వడిగేవు. నువ్వైనా అడిగేవు.”

“చెప్పింది నాన్నా. ఉప్పు చేప గురించి, గాలి గురించి. ఫైల్లో…” అని ఆగిపోయాను. 

“సదువు.”

చదివాను. ఆ మధ్యాహ్నమంతా చదివాను. వీధి తినమన్న చోట నాన్న ‘ఇది’ అని సరిదిద్దుతూ, ‘నీప్పు’ అన్న చోట నవ్వుతూ విన్నాడు. అమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. కొన్ని మాటల దగ్గర నాన్న కళ్ళు మూసుకుని, “ఆఁ, అలగే అనేది” అన్నాడు. ‘ఇదీ మనూరే’ దగ్గర నేను ఆగాను. ఆయన వైపు చూశాను.

“మీ అమ్మ ఎలా అనేదో నువ్వోసారి అను నాన్నా.”

“నేనంటే నాదవుతాది, ఆవిడదెలగవుతాది?”

“అయినా అను.”

నాన్న గొంతు సర్దుకున్నాడు. నోరు తెరిచాడు. వెనక లైను మీద బండి వచ్చింది. మొదటి మాట దగ్గరే ఆయన చేయి దానంతటదే పైకి లేచింది. కిటికీ ఊచలు అదురుతున్నాయి. అమ్మ, నేను, ఇద్దరమూ ఆ చేతినే చూస్తున్నాం. మధ్యలో ఎవరమూ జొరబడలేదు. బండి పోయాక చేయి దిగింది.

“మనూరే” అన్నాడు.

ఆ సాయంత్రం బటన్‌ను దాని చోట పెట్టి నొక్కాం. టక్కుమని కూర్చుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లే పడుతోంది. నాన్న తృప్తిగా తలాడించి, ఇంటి సంగతి బాబాయికి చెప్పడానికి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. ఆ పల్లెకు ఎండాకాలంలో ఏ బండి సౌకర్యంగా ఉంటుందని అడగడం నాకు లోపలికి వినిపించింది. ఉండడానికి కాదురా, చూడ్డానికి అంటున్నాడు.

నేను ఫైలు ముందు కూర్చున్నాను. నానమ్మ వాక్యాన్ని సరిదిద్దాలా, వద్దా? డిబేట్‌లో నేను నమ్మిన నియమం ఒకటే. సాక్షి మాటను నీకు కావలసినట్టు మార్చకూడదు. నాకు దీర్ఘమే కావాలి. ఆవిడకు రెండో ఊరు ఉండి ఉండాలని, అక్కడికి నన్నూ కొంచెం తీసుకుపోయి ఉండాలని నా కోరిక. కోరిక ఉన్నది కనుకనే ఆ వాక్యాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు. దాన్ని తెర మీద ఎలా ఉన్నదో అలాగే వదిలేశాను.

దాని కింద కొత్త వరస తీసుకున్నాను. మూల్ రూప్ సే కహాఁ సే హో అని ఇకమీదట ఎవరడిగినా చెప్పవలసింది అక్కడ నా పేరు మీద రాసుకున్నాను. ‘ఐ’ నొక్కాను, ఒక్కటే పడింది. ‘డి’ నొక్కాను. మళ్ళీ ‘ఐ’ నొక్కాను, అప్పుడూ ఒక్కటే పడింది. ఇది. బటన్ బాగైంది, ఇక తనంతట తాను ఏమీ కలపదు.

ఒక్క క్షణం ఆగి, ఇంకొకసారి నేనే నొక్కాను.

ఇదీ మనూరే.